ఖాళీ సీసాకు వెల

ఇటీవల కృష్ణా డెల్టాలోని యొక గ్రామమున జరిగిన వివాహమునకు మేము పోయియుంటిమి. బంతికి నాలుగువందల మంది కూర్చుండిరి. ప్రతి విస్తరి యొద్దను ఒక చిన్న ప్లాస్టిక్ నీటిసీసా నిలిచియున్నది. భోజనములైన పిమ్మట చూడగా, పెక్కు సీసాలలో నీరు సగమైనను తఱుగలేదు. విస్తళ్లతోపాటు వాని నన్నిటిని బండి కెత్తి, యూరి వెలుపల కాలువగట్టున గ్రుమ్మరించిరి. మంచినీటి కాగును, చెంబులతో నీరు వడ్డించు బాలురును మోటుగా దోచి, మూత విప్పని సీసాయే మర్యాదకు గుఱుతైన కాలమిది.

గట్టున బోసినది గట్టుననే యుండదు. వాన పడగానే కాలువలోనికి జారును. తూములకడ నడ్డుపడి చివరి పొలములకు నీరు పాఱనీయదు. వేసవిలో దానిని తగులబెట్టుదురు. ఆ పొగను పల్లెవారే పీల్చవలయును. తగులబెట్టనిది యెండకు బెళుసై, చిట్లి, కంటికానని రేణువులై నేలలోను నీటిలోను నిలుచును.

ప్రజలకు శుభ్రతాభిమానము లేదని పట్టణములలోని పెద్దలు వాపోవుదురు. ఈ నింద మాకు న్యాయముగా దోచదు. గోలీసోడా సీసాను జ్ఞప్తికి దెచ్చుకొనుడు. 1872లో హైరం కాడ్ అను నాంగ్లేయుడు పేటెంటు పొందిన యా సీసా మన తిరునాళ్లలో దశాబ్దముల తరబడి చేతులు మాఱెను. అది మురుగుకాలువలో దొర్లుట నెందఱు చూచిరి? సోడా త్రాగినవాడు నిలుచున్నచోటనే సీసా తిరిగి యిచ్చెడివాడు. ఇయ్యనిచో దుకాణదారు కదలనిచ్చెడివాడు కాడు. ఆనాటివారు మనకంటె పుణ్యాత్ములు గారు. సీసాకు వెల యుండెను, అంతియే. నేటి సీసాకు కొన్నవాని దృష్టిలో వెల లేదు, అమ్మినవాని దృష్టిలో లేదు. తయారుచేసిన కంపెనీకి దాని యూసే పట్టదు.

జర్మనీలో 2003లో ఇట్టి సీసాలపై ధరావతు నేర్పఱచిరి. నేడది సీసా యొక్కంటికి 25 సెంట్లు. ఖాళీ సీసాను అంగడిలోని యంత్రమున వేసినచో సొమ్ము తిరిగి వచ్చును. నూటికి 95కు పైగా సీసాలు తిరిగి చేరుచున్నవి. అది ధనిక దేశమందురేమో. మన పొరుగుననే నీలగిరి జిల్లాలో మదరాసు హైకోర్టు చొరవతో 2022లో మద్యపు సీసాలకు 10 రూపాయల ధరావతు విధింపగా, అత్యధికభాగము తిరిగి వచ్చెను. తాగినవాడు సైతము మఱవక తెచ్చి యిచ్చిన సీసాను, తాగనివారము మనము పాఱవేయుచున్నాము! తిరుమల కొండపై ప్లాస్టిక్ సీసాలను మాన్పించినప్పుడును, గాజుసీసాలలో నీరమ్మి, సీసా తిరిగి యిచ్చినవారికి ధరావతు చెల్లించిరి.

ప్లాస్టిక్ సీసాలను కరగించి మరల వాడవచ్చును గదా యని కొందఱు తృప్తి పడుచున్నారు. వాడవచ్చును. చిత్తు నేరువారు వానిని ప్రోగుచేయుదురు. కార్ఖానాలో ముక్కలుగా నఱికి నీటిలో వేయగా సీసా ముక్కలు మునుగును, మూత ముక్కలు తేలును. కడిగిన ముక్కల నుండి మన దేశమున హెచ్చుగా దారము దీయుచున్నారు. కాని దారమై చొక్కాయైన సీసా మరల సీసా యగుట యరుదు. బురదలో దొర్లినదానికి ధరయు తక్కువ. ఆ తక్కువ ధర కొఱకు పసిబిడ్డలతో కుప్పలపై వంగి యేరు స్త్రీలే యీ వ్యవస్థకు మూలస్తంభములు; వారికి చేతితొడుగైన నిచ్చువారు లేరు.

ప్రభుత్వ మేమియు చేయలేదనుట సత్యము గాదు. 2022 జూలై 1 నుండి ప్లాస్టిక్ పుల్లలు, పళ్లెములు, గ్లాసులు మొదలగువాని నిషేధించిరి. నీటిసీసా యా జాబితాలో చేరలేదు. తయారుచేసినవారే చెత్త బాధ్యత వహింపవలెనని యదే సంవత్సరమున నియమములు వెలువడెను. 2023లో తనిఖీ చేయగా దొంగ ధ్రువపత్రములు లక్షలకొలది బయటపడెను! కాగితముపై శుద్ధియైన సీసా కాలువలోనే యున్నది. కావున ధ్రువపత్రము కంటె ధరావతే మేలని మా యభిప్రాయము. సీసాకు 5 రూపాయలు ధరావతుగా బెట్టి, నీరమ్మిన ప్రతి యంగడియు దానిని తిరిగి తీసుకొని తీరవలెనని శాసింపుడు. కొన్నవాడు నిర్లక్ష్యముగా పాఱవేసినను, ఏరినవానికి కూలి గిట్టును.

ఆ శాసనము వచ్చునంతవఱకు పెండ్లి పెద్దలకు మా విన్నపమొకటి. రాబోవు మాఘమాసపు ముహూర్తములకు సీసాల పెట్టెలకగు వెల యెంతయో, నాలుగు కాగులకును చెంబు పట్టు పదిమంది కుఱ్ఱవాండ్ర కూలికిని ఎంత యగునో, వంటవారితో బేరమాడునపుడే లెక్క వేయించి చూడుడు.