బత్తాయికి రూట్ కాజ్ ఎనాలిసిస్

మా ఆఫీసులో పక్క సీటు మిత్రుడు ముచ్చటపడి ఒక ఆర్కిడ్ కొన్నాడు. రోజూ పొద్దున్నే దానికో గ్లాసు నీళ్ళు. ఆకులు పసుపెక్కితే రెండు గ్లాసులు. మూడో నెలలో కుండీలోంచి లాగి చూస్తే వేళ్ళన్నీ నల్లగా, మెత్తగా, ముక్కిపోయిన వాసన. "నర్సరీవాడు మోసం చేశాడు బాసూ" అని తేల్చేశాడు. చెట్ల బెరడు పట్టుకుని, వేళ్ళు గాల్లో వేలాడేసుకుని బతికే మొక్క అది. దానికి రోజూ స్నానం చేయించి నర్సరీవాణ్ణి తిడితే ఎలా?

నవ్వుదామంటే నవ్వు రాలేదు. సరిగ్గా ఇదే పని నేను నల్లగొండ జిల్లాలో మూడెకరాల మీద చేశాను కాబట్టి.

మా నాయిన పెట్టిన బత్తాయి తోట. సాత్‌గుడి రకం, మూడొందల పైచిలుకు చెట్లు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. నేను సాఫ్ట్‌వేరోణ్ణి కదా, ఊరుకుంటానా? మోటారుకి మొబైల్ స్టార్టర్ పెట్టించాను. 2020లో వర్క్ ఫ్రమ్ హోమ్ అని ఊరికొచ్చాక ఇంక నా ప్రేమకి అడ్డే లేదు. కాల్‌కీ కాల్‌కీ మధ్య మోటార్ ఆన్. "చెట్టు తాగినంతే తాగుతది బిడ్డా, నువ్వు పోసినంత తాగదు" అన్నాడు నాయిన. ఆయనకి టెక్నాలజీ తెలీదులే అనుకున్నాను.

ఆ ఏడు వానలూ దంచి కొట్టాయి. పై ఏడు కొన్ని చెట్లు విరగబూశాయి. ఫోటోలు తీసి ఆఫీసు గ్రూపులో పెట్టి లైకులు కొట్టించుకున్నాను. వేళ్ళు పాడైన బత్తాయి చచ్చే ముందు ఒక్కోసారి అలాగే విరగబూస్తుందని అప్పుడు నాకు తెలీదు. తర్వాత ఆకులు వడలడం, మొదళ్ళ దగ్గర బంక కారడం. వేరు తీసి వేళ్ళతో లాగితే పైతోలు తొడుగులా ఊడొచ్చి లోపల దారం మిగిలింది. ఎర్ర చెల్క కదా, నీళ్ళు ఇంకిపోతాయిలే అనుకున్నాను. రెండడుగుల కింద గట్టి సుద్ద పొర ఉందని గుంట తవ్వి చూసిందెప్పుడు?

మందుల కొట్లో కార్బెండజిమ్ ఇచ్చారు, పోశాను. ఏమీ కాలేదు. ఎందుకవుతుంది? బంక కారించి వేళ్ళు కుళ్ళబెట్టేది ఫైటోఫ్తొరా. అది అసలు సిసలు శిలీంధ్రం కూడా కాదు, నీటి బూజు జాతిది. దాని బీజాలు తడిలో ఈదుకుంటూ వేరు నుంచి వేరుకి పోతాయి. కార్బెండజిమ్ దాని మీద పనిచేయదు, మెటలాక్సిల్ లాంటివి కావాలి. ఫ్యుజేరియం వల్ల వచ్చే ఎండు వేరుకుళ్ళు వేరే జబ్బు, దాని లెక్క వేరు. జావాలో బగ్ ఉంటే డేటాబేస్ సర్వర్ రీస్టార్ట్ చేసే జూనియర్‌ని మనం ఏమంటాం? నన్ను నేను అదే అనుకున్నాను.

ఇహ అసలు గొడవకొస్తాను. సాగర్ రోడ్డులో, శ్రీశైలం రోడ్డులో పొలాలు కొంటున్న నా తోటి ఐటీ సోదరులారా, మీతోనే. మనకి ప్రొడక్షన్‌లో చిన్న ఎర్రర్ వస్తే రూట్ కాజ్ ఎనాలిసిస్ అని పది పేజీలు రాస్తాం. చెట్టు చస్తే మాత్రం నర్సరీ, వాతావరణం, పాలేరు. ల్యాప్‌టాప్ కొనేముందు ప్రాసెసర్ ఏంటని వంద రివ్యూలు చదువుతాం. మొక్క కొనేముందు ఏ వేరుమూలం మీద అంటు కట్టారని ఒక్కడైనా అడుగుతాడా? జంభేరి మీద కట్టిన దానికి ఈ తెగుళ్ళు తొందరగా తగులుకుంటాయి, రంగపూర్ నిమ్మ మీద కట్టింది చాలావరకు తట్టుకుంటుంది. నేనూ అడగలేదు. ఎండిపోయిన చెట్ల స్థానంలో తెచ్చిన మొదటి విడత మొక్కలు కూడా జంభేరివే.

"నల్లగొండ ఎండలకి నీళ్ళు పెట్టకపోతే చెట్టు బతుకుతుందా?" అంటారు. పెట్టొద్దన్నదెవరు? తెలిసిన రైతు నవంబరు, డిసెంబరుల్లో నీళ్ళు ఆపేసి తోటని కావాలని బెట్టకి గురిచేస్తాడు. ఆ దాహం వల్లే జనవరి, ఫిబ్రవరుల్లో పూత. చెట్టుకి దాహం కూడా ఒక అవసరమే. మనం మాత్రం అపరాధ భావాన్ని నీళ్ళతో కడుక్కుంటున్నాం. వారమంతా దగ్గర ఉండలేకపోయాం కాబట్టి శనివారం నాడు ముంచెత్తుతాం. పైగా రాతినేల జిల్లాలివి. నల్లగొండలోనైనా, పాలమూరులోనైనా నేను వృథా చేసే ప్రతి గంట మోటారూ పక్క రైతు బోరులోంచి వచ్చేదే. నా చెట్టుకి అజీర్తి, అతని చెట్టుకి ఆకలి!

కాపాడుకోవడం బ్రహ్మవిద్యేం కాదు. ముందు మోటార్ ఆపాలి. మొదలు చుట్టూ మట్టి లాగేసి అంటు కట్టిన చోటు నేల పైకి కనిపించేలా చెయ్యాలి. కుళ్ళిన బెరడు గీకి బోర్డో పేస్ట్ పూయాలి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్ళు, అంతే. ఆ చెట్టు మీది కాయలు కోసేయాలి, కొమ్మలు తగ్గించాలి. సగం వేళ్ళతో నిండు చెట్టుని మోయమంటే ఎలా? రెండు పాదులు తీసి నీళ్ళు బయటి పాదులోనే పారించాలి, మొదలు తడవకూడదు. తర్వాత వేపపిండి, పశువుల ఎరువు కలిపి వృద్ధి చేసిన ట్రైకోడెర్మా వేయాలి. మందు పోసిన రోజే వేస్తే డబ్బు దండగ.

ఇంత చేసినా డెబ్భై చెట్లు పోయాయి. నలభై దాకా నిలబడ్డాయి. పోయినవాటిని జేసీబీతో పీకించిన రోజు నాయిన తోటకి రాలేదు. సాయంత్రం అన్నం దగ్గర "ఫోన్ల అది తీసేసినవా?" అని మాత్రం అడిగాడు.

తీసేశాను. ఇప్పుడు నీళ్ళు పెట్టే ముందు పాదులో చెయ్యి పెట్టి మట్టి పిడికిట పట్టి చూస్తాను. అంతకన్నా మంచి సెన్సర్ నాకు ఇంతవరకు ఏ యాప్‌లోనూ కనబడలేదు. మీకు కనబడితే చెప్పండి, ముందు నాయినకి చూపిస్తాను :-)