మా పిల్లలకు బుద్ధులు నేర్పుతారట!

బడుల్లో ఇప్పుడు కొత్త మాట తిరుగుతోంది: సామాజిక, భావోద్వేగ నైపుణ్యాలు. తోటివారి బాధ తెలుసుకోవడం, కోపం అణచుకోవడం, ఓపిక పట్టడం, కలిసి పనిచేయడం పిల్లలకు పాఠంగా చెప్పాలట. వద్దని మేం అనడం లేదు. ఎవరు, ఏ భాషలో చెబుతారన్నదే మా పేచీ.

1970 ప్రాంతంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చిన్నపిల్లల ముందు ఒక మిఠాయి పెట్టారు. కాసేపు తినకుండా ఆగితే రెండోది ఇస్తామన్నారు. ఆగినవాళ్లకు నిగ్రహం ఉన్నట్టు! మా కోయగూడేల్లో చెట్టు నిండా కాయలు వేలాడుతున్నా, మామిడి పండుగ చేసి వేల్పులకు పెట్టేదాకా నోట పెట్టని ఇళ్లు ఇంకా ఉన్నాయి. రెండో కాయ ఇస్తామని అక్కడ ఎవరూ ఆశ చూపరు. ఊరంతా ఆగుతుంది కాబట్టి పిల్లవాడూ ఆగుతాడు. గూడెంలో అన్నీ మంచి బుద్ధులేనని కాదు, తాగి కొట్టుకోవడం కూడా ఆ పిల్లలు చూస్తూనే ఉన్నారు. కానీ ఓపిక వాళ్లకు కొత్తగా నేర్పాల్సిన పాఠం కాదు.

ఆ పిల్లవాణ్ణి ఆరేళ్లకు ఆశ్రమ పాఠశాలలో వేస్తాం. ఇంట్లో కోయ, బడిలో తెలుగు, ఇప్పుడు ఆపైన ఇంగ్లీషు. కడుపునొప్పి అని చెప్పడానికి మాట దొరకక మూల కూర్చుంటాడు. 'కలివిడితనం లేదు' అని రాస్తారు. నోరు కట్టేసి, నోరు లేదని మార్కులు కోయడం ఇది.

తల్లిభాషలో ప్రాథమిక విద్యకు వీలు కల్పించాలని రాజ్యాంగం 350ఏ అధికరణంలో ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టారు. ఆ వాచకాలు మీ బడి బీరువాలో ఉన్నాయేమో ఒకసారి తీసి చూడండి.

ఇక టీచర్ల సంగతి. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో జీవో 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలు నిలిచాయి గాని, డీఎడ్ చేసి ఎదురుచూస్తున్న మన పిల్లల హామీ పోయింది. అదే ఏడాది జూలైలో భావోద్వేగ నైపుణ్యాల గురించి చెప్పే జాతీయ విద్యా విధానం వచ్చింది. పిల్లవాడి ఏడుపు వాడి భాషలో విని అర్థం చేసుకునే టీచరుకు ఏప్రిల్‌లో దారి మూసి, సానుభూతి నేర్పండని జూలైలో చెప్పారు!

ఎర్రుపాలెం నుంచి భద్రాచలం దాకా ఉన్న టీచరు మిత్రులకు మా మాట ఇదే. ఈసారి ఆ మూల్యాంకన పత్రం చేతికొస్తే, 'కలివిడితనం' గడిలో మార్కు వేయకండి. 'కోయలో బాగా మాట్లాడతాడు, మాకే కోయ రాదు' అని రాసి పైకి పంపండి.