ఉత్తుత్తి నాణేల చలివేంద్రం

ఎండాకాలంలో కేసముద్రం మార్కెట్‌కు బస్తాలతో వచ్చిన రైతుకు చలివేంద్రం కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది. గ్లాసుడు తాగి వెళ్తే సరే... ఎవరైనా ట్యాంకరే తెచ్చి పడితే? కంప్యూటర్ల లోకంలో 'ఫాసెట్' నడిపేవారికి రోజూ ఇదే తలనొప్పి!

ఫాసెట్ అంటే నల్లా. ఇందులోంచి వచ్చేవి క్రిప్టో నాణేలు, అదీ ఉచితంగా. 2010లో గావిన్ ఆండ్రీసన్ అనే ప్రోగ్రామర్ ఓ వెబ్‌సైట్ పెట్టి, అడిగినవారికి 5 బిట్‌కాయిన్ల చొప్పున పంచాడు. అసలైనవే! అప్పట్లో వాటికి పెద్ద విలువ లేదు మరి.

ఇప్పటి నల్లాలు ఎక్కువగా ఇచ్చేది పరీక్ష నాణేలు. ప్రోగ్రాములు రాయడం నేర్చుకునే కుర్రాళ్లు తప్పు చేసినా డబ్బు పోకుండా 'టెస్ట్‌నెట్' అనే నమూనా నెట్‌వర్క్ ఉంటుంది. అక్కడా ప్రతి లావాదేవీకీ రుసుం కట్టాలి. ఆ చిల్లర నల్లా ఇస్తుంది.

చిక్కల్లా ఒకటే, వీటికి విలువ రాకూడదు. బిట్‌కాయిన్ పరీక్ష నాణేలను జనం డబ్బుకు అమ్ముకోవడంతో మొదటి టెస్ట్‌నెట్‌నే మార్చేయాల్సి వచ్చింది. ఇథీరియంవారి 'గోర్లీ' నాణేలూ 2023లో ధర పలికాయి. అందుకే ఆ ఏడాదే వచ్చిన 'హోల్‌స్కీ'లో మొదట్లోనే 160 కోట్ల నాణేలు పోశారు!

ఒక్కడే వంద పేర్లతో తోడుకోకుండా కొందరు నిర్వాహకులు 'ఖాతాలో అసలు ఇథర్ ఉంటేనే ఇస్తాం' అంటున్నారు. జేబు ఖాళీగా ఉన్న విద్యార్థి ఏం చేయాలి? అలాంటివారి కంప్యూటర్‌తో కాసేపు లెక్కలు చేయించి, కూలీగా నాణేలిచ్చే నల్లాలున్నాయి. పనయ్యాక మిగిలినవి తిరిగి పంపమని అడిగేవీ ఉన్నాయి.