కరెంటు రెట్టింపైతే... వేడి నాలుగింతలు!

ఇంజినీరింగ్‌లో ట్రిపుల్‌ఈ తీసుకున్నవాళ్లు తొలి ఏడాదే నేర్చుకునే పాఠమిది. తీగలో కరెంటు రెట్టింపైతే పుట్టే వేడి నాలుగింతలవుతుంది. అందుకే దూరం నుంచి తెచ్చే విద్యుత్తును వోల్టేజీ పెంచి, కరెంటు తగ్గించి పంపుతారు. వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ ఆ 11 వేల వోల్టులను తగ్గించి, ఇంటికి 230 వోల్టులుగా అందిస్తుంది.

ఈ పాఠం పాతబస్తీ ఇళ్లకూ అవసరమే. ఎప్పుడో బల్బులకూ ఫ్యాన్లకూ వేసిన తీగలమీదే ఏసీలు నడిపితే అవి కాగిపోతాయి. 2025 మే 18న చార్మినార్ దగ్గరి గుల్జార్‌హౌజ్‌లో ఓ ఇంట్లో మంటలు రేగి 17 మంది చనిపోయారు. షార్ట్‌సర్క్యూటే కారణం కావచ్చని అధికారులు ప్రాథమికంగా చెప్పారు.

ఏసీ కొనేముందు ఎలక్ట్రీషియన్‌కి వైరింగ్ చూపించండి. ఫ్యూజు పోతే లావుపాటి తీగ చుట్టకండి. అది కాలేది ఇల్లు కాలకుండా ఉండటానికే!