కాపలా కాసే ప్రేమకి వినబడనిది

తల్లిదండ్రుల ప్రేమని ప్రశ్నించడం మన సమాజంలో చాలా కష్టమైన పని. కొట్టే భర్త గురించీ, కట్నం కోసం వేధించే అత్తింటివాళ్ళ గురించీ మాట్లాడితే కనీసం కొందరైనా వింటారు. కూతురిని కంటికి రెప్పలా చూసుకునే తండ్రి గురించి నోరు తెరిస్తే మాత్రం, "ప్రేమ కొద్దీ చేస్తున్నాడు, అందులో తప్పేముంది?" అన్న ప్రశ్న మనకంటే ముందే వచ్చి కూర్చుంటుంది. ఆ ప్రశ్న గురించి ఆలోచించడానికి ఈ మధ్య నాకు ఒక హాస్యచిత్రం పనికొచ్చింది.

అది 1999లో వచ్చిన అమెరికన్ సినిమా 'టెన్ థింగ్స్ ఐ హేట్ ఎబౌట్ యూ'. దర్శకుడు గిల్ జంగర్. రచన చేసినవాళ్ళు మాత్రం ఇద్దరు స్త్రీలు, కేరెన్ మెకల్లా లట్జ్, కిర్స్టెన్ స్మిత్. షేక్స్పియర్ 'టేమింగ్ ఆఫ్ ద ష్రూ' నాటకం దీనికి ఆధారం. ఆ నాటకంలో పెద్దకూతురు కేథరీనాకి పెళ్ళయ్యేదాకా చిన్నకూతురు బియాంకాకి పెళ్ళి చెయ్యనని తండ్రి పట్టుబడతాడు. సినిమాలో ఆ షరతు సియాటిల్ నగరంలోని ఒక హైస్కూలు పిల్లల మధ్యకి వచ్చింది. పెళ్ళి స్థానంలో అబ్బాయిలతో బయటికి వెళ్ళడం చేరింది. అక్క కాట్ ఎప్పుడైతే ఎవరితోనైనా బయటికి వెళ్తుందో, అప్పుడే చెల్లెలు బియాంకా కూడా వెళ్ళవచ్చునంటాడు తండ్రి వాల్టర్. మగపిల్లలంటేనే మండిపడే కాట్ ఎన్నటికీ వెళ్ళదని ఆయన ధీమా.

చదువుకునే రోజుల్లో కడుపుబ్బ నవ్వుతూ చూసిన ఈ సినిమాని ఇప్పుడు పదిహేనేళ్ళ మా అమ్మాయితో కలిసి మళ్ళీ చూశాను. ఆమె నవ్విన చోట్ల నాకు నవ్వు రాలేదు. కొన్ని చోట్ల నేను నవ్వుతుంటే ఆమె నా ముఖం కేసి చూసింది.

వాల్టర్ దుర్మార్గుడు కాదు. కొట్టడు, తిట్టడు. భార్య వదిలి వెళ్ళిపోయాక ఇద్దరు కూతుళ్ళని ఒంటరిగా పెంచుతున్న మనిషి. వృత్తిరీత్యా ప్రసూతి వైద్యుడు. చిన్న వయసులో తల్లులైన ఆడపిల్లల్ని రోజూ చూస్తుంటాడు కాబట్టి ఆయన భయానికి కారణం ఉంది. కానీ ఆ భయంతో ఆయన ఏం చేస్తాడో గమనించాలి. చిన్నకూతురు పార్టీకి బయలుదేరుతుంటే గర్భిణీ పొట్టలాంటి బరువైన తొడుగు ఒకటి తెచ్చి ఆమెకి తగిలిస్తాడు. గర్భం ఎలా వస్తుందో, రాకుండా ఎలా జాగ్రత్త పడాలో ఆ ఇంట్లో అందరికంటే బాగా తెలిసినవాడు ఆయనే. ఆ జ్ఞానాన్ని కూతురికివ్వడు, దాని భారాన్ని మాత్రం నడుముకి కడతాడు. హాలంతా నవ్వే ఈ సన్నివేశంలో మన పెంపకం మొత్తం కనిపించింది నాకు. శరీరం గురించి ఆడపిల్లలకి మనం ఇచ్చేది సమాచారం కాదు, హెచ్చరిక.

మరొక సన్నివేశం నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేసింది. పదిహేనేళ్ళ అమ్మాయికి కవలల్ని పురుడు పోసి ఇంటికొచ్చిన వాల్టర్, నాన్న మాట వినివుండాల్సిందని ఆ పిల్ల తనతో అన్నట్టు కూతుళ్ళకి చెబుతాడు. వాళ్ళు నమ్మరు. మందుల మత్తులో లేకపోతే అలాగే అని ఉండేదని చివరికి ఆయనే ఒప్పుకుంటాడు. అంటే ఆ అమ్మాయి ఏమీ అనలేదు. సినిమాలో ఆమె ఒక్కసారి కూడా కనిపించదు. ఆమె ఎవరు, ఆమెకి ఏం జరిగింది, ఆమె ఏం కోరుకుంటోంది అన్నది ఎవరికీ అక్కర్లేదు. మరొకరి కూతుళ్ళని భయపెట్టడానికి ఆమె ఒక ఉదాహరణ, అంతే. ఆడపిల్ల నోట తన మాట పెట్టి, దాన్ని ఆమె అనుభవంగా చెప్పడం రక్షణ పేరుతో జరిగే అధికారానికి మొదటి లక్షణం.

ఇక తండ్రి పెట్టిన షరతు ఏం సాధించింది? బియాంకాని కోరుకున్న అబ్బాయిలు దారికి అడ్డంగా ఉన్న అక్కని తప్పించాలని, కాట్‌ని బయటికి తీసుకెళ్ళడానికి పాట్రిక్ అనే కుర్రాడికి డబ్బిచ్చి కుదుర్చుకుంటారు. కూతుళ్ళని మగపిల్లల నుంచి కాపాడడానికి పెట్టిన షరతే పెద్దకూతురిని మగపిల్లల మధ్య బేరానికి పెట్టింది. తండ్రికి ఇదేమీ తెలియదు. గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషికి గుమ్మం మాత్రమే కనిపిస్తుంది.

కథకి అసలు ప్రాణం చివర్లో అక్కచెల్లెళ్ళ మధ్య జరిగే సంభాషణలో ఉంది. తొమ్మిదో తరగతిలో, తల్లి ఇల్లు విడిచి వెళ్ళిన వెంటనే, తోటివాళ్ళందరూ చేస్తున్నారన్న ఒత్తిడిలో జోయీ అనే అబ్బాయితో తనకి శారీరక సంబంధం ఏర్పడిందనీ, మళ్ళీ అందుకు తాను సిద్ధంగా లేనంటే అతను వదిలేశాడనీ కాట్ చెబుతుంది. ఇప్పుడు చెల్లెలి వెంట పడుతున్నది ఆ జోయీయే. ఇది విని మా అమ్మాయి, "అమ్మా, ఈ విషయం వాళ్ళ నాన్నకి తెలుసా?" అని అడిగింది. తెలియనట్టే ఉందన్నాను. "అయితే ఆయన ఇన్నాళ్ళూ దేనికి కాపలా కాస్తున్నట్టు?" అంది.

ఆ ప్రశ్నకి సోషియాలజీలో నాకున్న డాక్టరేటు ఏమీ సహాయం చెయ్యలేదు. ఆ ఇంట్లో నిబంధనలకి లోటు లేదు. తొమ్మిదో తరగతి పిల్ల తనకి జరిగింది చెప్పుకోగల చోటు మాత్రం లేదు. ఏది జరగకూడదని తండ్రి అంతగా కంగారు పడుతున్నాడో అది ఎప్పుడో జరిగిపోయింది, ఆ పిల్ల ఒంటరిగా దాన్ని దాటుకుని వచ్చింది. అతిరక్షణ ప్రమాదాన్ని ఆపలేకపోయింది. ప్రమాదం జరిగాక నాన్నా అని పిలిచే వీలు లేకుండా మాత్రం చేసింది.

చెల్లెలి జవాబు ఇంకా ముఖ్యమైనది. ఇది ఇంతకాలం ఎందుకు దాచావని ఆమె అక్కని నిలదీస్తుంది. నిన్ను కాపాడుతున్నాననుకున్నానని కాట్ అంటే, ఏ అనుభవాన్నీ నన్ను పొందనివ్వకుండానా అని అడుగుతుంది. కాట్ ఎవరు? సిల్వియా ప్లాత్‌ని చదివే అమ్మాయి, తరగతిలో పాఠ్యపుస్తకాల పురుషాధిక్యతని ఎదిరించే అమ్మాయి, అంటే మనలాంటి మనిషి. అటువంటి కాట్ తనకి తెలియకుండానే తండ్రి కాపలాలో భాగస్వామి అయింది. ఈ చిన్న కామెడీ మనల్ని అడుగుతున్న ప్రశ్న ఇక్కడుంది.

మన దేశంలో చట్టం కూడా చాలాసార్లు వాల్టర్ లాగే ఆలోచిస్తుంది. మైనరు కిడ్నాప్ కేసులో చట్టం అడిగేది సంరక్షకుల అనుమతి ఉందా అని. అమ్మాయి అనుమతి లెక్కలోకి రాదు. 2012 పోక్సో చట్టంతో, ఆ తర్వాత 2013 సవరణతో లైంగిక సమ్మతి వయసు 16 నుంచి 18కి పెరిగింది. పిల్లలపై అత్యాచారాలని ఎదుర్కోవడానికి ఆ చట్టం అవసరమే, అందులో సందేహం లేదు. కానీ ఇష్టపడి ఇల్లు దాటిన పదహారు, పదిహేడేళ్ళ అమ్మాయిల తల్లిదండ్రులు అదే చట్టాన్ని పట్టుకుని పోలీసు స్టేషనుకి వెళ్ళడం కౌన్సెలింగ్ పని చేసే మిత్రులకి తెలియనిది కాదు. నేరం తెలిసినవాళ్ళు తప్పనిసరిగా ఫిర్యాదు చెయ్యాలన్న నిబంధన వల్ల గర్భం వచ్చిన అమ్మాయి డాక్టరు దగ్గరికి వెళ్ళడానికే భయపడుతుంది. అందుకే 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, గర్భస్రావం కోసం వచ్చిన మైనరు పేరు, వివరాలు డాక్టరు బయటపెట్టనవసరం లేదని చెప్పాల్సి వచ్చింది. రక్షణకి చేసిన చట్టం నుంచే ఆమెకి కొంత రక్షణ కావలసి వచ్చిందన్నమాట.

మేజరయ్యాక కూడా ఈ కాపలా ఆగదు. 24 ఏళ్ళ హాదియా ఇష్టపడి చేసుకున్న పెళ్ళిని 2017లో కేరళ హైకోర్టు రద్దు చేసి ఆమెని తల్లిదండ్రులకి అప్పగించింది. 2018లో సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసేదాకా ఒక వయోజన స్త్రీ తన జీవితం తనదేనని పదే పదే చెప్పుకోవలసి వచ్చింది. అక్కడ కూడా వాదన తండ్రి ప్రేమ పేరుతోనే నడిచింది.

సినిమా చివర వాల్టర్ మారతాడు. కూతుళ్ళు తమ జీవితాన్ని తాము నడుపుకోగలరని ఒప్పుకుంటే తండ్రి ప్రేక్షకుడిగా మిగిలిపోవాలనీ, అది కష్టమనీ ఒప్పుకుంటాడు. దూరంగా న్యూయార్క్ వైపు ఉన్న కాలేజీలో చదవాలన్న కాట్ కోరికకి ఒప్పుకుని, ముందే ఫీజు చెక్కు పంపానంటాడు. నాకూ కళ్ళు చెమర్చాయి. కానీ ఆ చెక్కు ఆయన చేతిలోనే ఉంది కదా! ఆయన మనసు మారకపోతే కాట్ ఎక్కడికీ వెళ్ళలేదు. తండ్రి మంచితనం మీద ఆధారపడిన స్వేచ్ఛ వరమే కానీ హక్కు కాదు. చెక్కు రాయగల తండ్రి లేని అమ్మాయిల మాట సరేసరి. మత్తుమందులో ఉన్న ఆ పదిహేనేళ్ళ తల్లి సినిమా చివర కూడా కనిపించదు.

తల్లిదండ్రులు భయపడకూడదని నేను అనడం లేదు. రాత్రి ఎనిమిది దాటి మా అమ్మాయి రాకపోతే నేనూ పదిసార్లు ఫోను చేస్తాను. వీధులు సురక్షితంగా లేనప్పుడు ఆ భయం అబద్ధం కాదు. అయితే వీధిని మార్చలేని మనం అమ్మాయికి తాళం వేస్తున్నాం. ఇళ్ళలోనే కాదు, హాస్టళ్ళలో వేస్తున్నాం. మన సంస్థలు నడిపే వసతిగృహాల్లో కూడా వేస్తున్నాం. బయటికెళ్ళే వేళలు, ఫోను వాడకం, కలవడానికి వచ్చేవాళ్ళ జాబితా, అన్నీ వాళ్ళ మేలు కోసమే. 2015లో ఢిల్లీ విద్యార్థినులు 'పింజ్రా తోడ్' పేరుతో హాస్టలు వేళల మీద ఉద్యమించినప్పుడు హర్షించిన మనం, మన గేటు వేసే వేళ గురించి ఎప్పుడైనా అక్కడి అమ్మాయిలని అడిగామా?

మనం పెట్టే ప్రతి నిబంధననీ ఒక్క ప్రశ్నతో పరీక్షించుకోవచ్చు. దీనివల్ల ఆమెకి ఏదైనా జరిగినప్పుడు మన దగ్గరికి వచ్చి చెప్పడం సులువవుతుందా, కష్టమవుతుందా? కష్టమవుతుందంటే, ఎంత ప్రేమతో పెట్టినా అది ఆమె కోసం పెట్టింది కాదు. మన మనశ్శాంతి కోసం పెట్టుకున్నది.

సినిమా చూసిన మర్నాడు నేను మా అమ్మాయికి రెండుసార్లే ఫోను చేశాను. రెండోసారి ఎత్తి, "ఏదైనా అయితే నేనే చెప్తాలే అమ్మా" అంది. ఆ మాట నిలబెట్టుకునే బాధ్యత ఆమె కంటే నా మీదే ఎక్కువ ఉంది.