ధైర్యం ఒక్కటే పెట్టుబడి కాదు



ఈమధ్య మన మిల్లు గేటు దగ్గర ఒక సభ పెట్టారు. స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకోబోయేవారికి సొంత వ్యాపారం గురించి చెప్పడానికి ఒక ఉపన్యాసకుణ్ణి పిలిపించారు. మీమీద మీకు నమ్మకముంటే చాలు, కూలివాడు కూడా యజమాని అవుతాడని ఆయన గంటసేపు చెప్పాడు. చప్పట్లు బాగానే పడ్డాయి. నేనూ కొట్టాను. ఇంటికి నడిచి వస్తుంటే మాత్రం మన కోలారు బంగారు గనుల సంగతి గుర్తుకొచ్చింది.

లావెల్ అనే రిటైరైన సైనికుడు, ఈ ప్రాంతంలో బంగారం ఉందన్న పాత రాత చదివి, 1871లో బెంగుళూరు నుంచి ఎద్దులబండి కట్టుకుని వచ్చాడు. పట్టు వదలకుండా తిరిగి, 1875లో మైసూరు ప్రభుత్వం దగ్గర తవ్వకం హక్కు సంపాదించాడు. అతనికి నమ్మకం కొరవడిందని ఎవరనగలరు? కానీ రెండేళ్లకే డబ్బు చాలక ఆ హక్కును ఇతరులకు ఇచ్చేయవలసి వచ్చింది. 1880లో జాన్ టేలర్ కంపెనీ దిగింది. దాని వెనుక లండన్ వాటాదారుల డబ్బు ఉంది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. బెంగుళూరు వీధుల్లో దీపాలు వెలగకముందే గనికి కరెంటు! ప్రభుత్వం అంత అండగా నిలిచింది.

ఇక కార్మికుల ధైర్యం మాటేమిటి? చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు పోయింది. బండ ఎప్పుడు పేలుతుందో తెలియని ఆ వేడిలోకి మన తెలుగువాళ్లు, తమిళ సోదరులు తరతరాలుగా దిగారు. అలాంటివాళ్లకు 2001 ఫిబ్రవరి 28న గని మూసేశాక ఆత్మవిశ్వాసం నేర్పాలా? గని జీతాలమీద బతికిన ఊరది. జీతం ఆగిపోయిన ఊళ్లో అంగడి పెడితే కొనేదెవరు? అందుకే ఈనాటికీ ఆ ఊరి బిడ్డలు తెల్లవారకముందే రైలెక్కి, సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని బెంగుళూరుకు పనికి పోతున్నారు. వాళ్లలో సోమరితనం ఉందా? లేదు. ఊళ్లో గిరాకీ లేదు.

అలాగని మనోధైర్యం అక్కర్లేదని నేననను. మనలో ఒక జబ్బు ఉంది. మగ్గం మనది, లెక్క ఆఫీసువాళ్లది అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నవాణ్ణే. మొదటిసారి యాజమాన్యం ముందు మాట్లాడటానికి నిలబడితే నాలుక ఎండిపోయింది. తలుపు బయట రెండో షిఫ్టువాళ్లంతా నిలబడి ఉన్నారని తెలిశాక గొంతు పెగిలింది. కంపెనీ లెక్కలు చదవడం నలభయ్యో ఏట నేర్చుకున్నాను. నమ్మకం పని తెలిస్తే వస్తుంది, పక్కన మనిషి ఉంటే నిలుస్తుంది.

అహమ్మదాబాదు చూడండి. అక్కడి బట్టల మిల్లు కార్మిక సంఘంలోని మహిళా విభాగం నుంచి, ఇలాబెన్ భట్ నాయకత్వంలో, 1972లో సేవా సంఘం పుట్టింది. తోపుడుబళ్లవాళ్లు, కుట్టుపనివాళ్లు బ్యాంకుకు పోతే అప్పు పుట్టేది కాదు. 1974లో నాలుగు వేలమంది ఆడవాళ్లు తలా పది రూపాయలు వేసి సొంత సహకార బ్యాంకు పెట్టుకున్నారు. సంతకం రానివాళ్లు వాళ్లలో ఎందరో. ఆ బ్యాంకు ఇప్పటికీ నడుస్తోంది.

మన మిల్లులో ఈ నెలాఖరులోగా సంతకాలు చేయమంటున్నారు. చేసేవాళ్లను సంఘం తప్పుపట్టదు. ఎవరి ఇంటి కష్టం వారిది. కానీ నాలుగు మాటలు వినండి. వచ్చే డబ్బంతా ఒకే వ్యాపారంలో పోయకండి. పీఎఫ్ సొమ్ము ముట్టకండి. పెట్టబోయే వ్యాపారంలో ముందు ఆరునెలలు ఇంకొకరి దగ్గర పనిచేయండి. మీ సరుకు కొనేవాడెవడో, వాడి జేబులో డబ్బు ఎక్కడినుంచి వస్తుందో కాగితంమీద రాయండి. ఆ కాగితం పట్టుకుని ఆదివారం సంఘం ఆఫీసుకు ఇంటావిడతో, ఇంటాయనతో కలిసి రండి. అందరం కూర్చుని లెక్క చూద్దాం.

వ్యాపారం దెబ్బతింటే నీకు నమ్మకం చాలలేదని ఆ ఉపన్యాసకుడు అనేసి పోతాడు. అప్పులవాడు మాత్రం మీ గుమ్మం ముందే కూర్చుంటాడు. సంతకం పెట్టేముందు ఈ సంగతి ఆలోచించండి.

మీ
కార్యదర్శి