కొనడం తప్పనిసరి, తెలుసుకోవడం మీ కర్మ

2024 సెప్టెంబరు మొదటి వారం. బుడమేరుకు గండ్లు పడి విజయవాడలో చాలా భాగం నీళ్లలో ఉంది. ఢిల్లీలో కూర్చుని ఆ దృశ్యాలు చూస్తుండగా అజిత్‌సింగ్ నగర్ నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. ఇంట్లో అందరూ క్షేమమేనని చెప్పాక గొంతు తగ్గించాడు. "బావా, కారు మునిగింది. నీళ్లు కాస్త తీశాయని స్టార్ట్ చేసి చూశాను, ఇంజను పట్టేసింది. ఫుల్ ఇన్సూరెన్స్ ఉందిలే. వస్తుందిగా?"

"ఫుల్ ఇన్సూరెన్స్ అయితే ఎందుకు రాదు?" అన్నాను.

రాలేదు. సీట్లకు, వైరింగుకు తరుగు పోను కొంత ఇచ్చారు. ఇంజను మాత్రం మా బాధ్యత కాదన్నారు. నీళ్లు చొరబడిన ఇంజనును స్టార్ట్ చేయడం వల్ల జరిగినది వరద నష్టం కిందికి రాదట, దాని పర్యవసాన నష్టమట. అందుకు 'ఇంజన్ ప్రొటెక్ట్' అనే అదనపు రక్షణ విడిగా కొనుక్కోవాలట. ఆయన పాలసీలో అది లేదు. తాళంచెవి పోతే కొత్తది ఇచ్చే అదనపు రక్షణ మాత్రం ఉంది. షోరూంలో దాన్ని ఎవరు చేర్చారో, ఎందుకు చేర్చారో ఆయనకు తెలియదు. ఏటా వాన పడితే వీధులు మునిగే ఊళ్లో తాళంచెవికి బీమా ఉంది, ఇంజనుకు లేదు. ఇంజను బాగుచేయించడానికి ఇంట్లో బంగారం తాకట్టుకు వెళ్లింది.

పార్లమెంటులో బిల్లుల్ని క్లాజుల వారీగా చదివి వ్యాసాలు రాసే నేను ఆయనకు ఆ రోజు తప్పుడు భరోసా ఇచ్చాను. ఎందుకంటే 'ఫుల్ ఇన్సూరెన్స్' అనే మాట ఏ చట్టంలోనూ లేదని, ఏ పాలసీ అయినా మినహాయింపుల జాబితాతోనే వస్తుందని నాకూ అప్పటిదాకా పట్టలేదు. ఆ మాట షోరూంలో పుట్టింది, మన నోళ్లలో పెరిగింది. ఆ మాటను పెరగనిచ్చిన రాజ్యం గురించే ఈ వ్యాసం.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా వాహనం రోడ్డెక్కకూడదు. ఎక్కితే మొదటిసారి 2,000 రూపాయలు, ఆ తర్వాత 4,000 రూపాయలు జరిమానా. మూడు నెలల జైలు శిక్షకూ అవకాశం ఉంది. ఈ నిర్బంధంలో అన్యాయమేమీ లేదు. నా కారు ఢీకొని ఒక కూలీ చనిపోతే ఆ కుటుంబానికి పరిహారం చెల్లించే స్తోమత నాకు ఉన్నా లేకున్నా, బీమా సంస్థ చెల్లిస్తుంది. మరణానికీ గాయాలకూ ట్రిబ్యునల్ ఎంత నిర్ణయిస్తే అంత. ఇతరుల ఆస్తి నష్టానికి 7.5 లక్షల దాకా. ఒక్క 2022లోనే 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో మరణించిన దేశంలో ఇంతకంటే న్యాయమైన నిర్బంధం మరొకటి ఉండదు.

దాని ధరను నిర్ణయించేది కూడా ప్రభుత్వమే. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీ వరకు 3,416, ఆపైన 7,897. 75 నుంచి 150 సీసీ మోటారు సైకిలుకు 714. ఈ ధర ఏ కంపెనీలోనైనా ఒక్కటే, బేరానికి తావు లేదు.

కానీ ఆ 714 రూపాయల మీద కూడా ప్రభుత్వం 18 శాతం జీఎస్టీ వసూలు చేస్తుంది. అంటే ఏం చేస్తున్నట్టు? బాధితుడి కోసం నువ్వు ఈ వస్తువు కొని తీరాలి, కొనకపోతే జరిమానా, కొంటే పన్ను అంటున్నట్టు. 2025 సెప్టెంబరులో వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాల మీద జీఎస్టీని పూర్తిగా తీసేశారు. మంచిదే. అయితే ఆ రెండూ మనిషి తన ఇష్టంతో, తన కోసం కొనుక్కునేవి. రోడ్డు మీద ఎవరో తెలియని మనిషి కోసం చట్టం బలవంతంగా కొనిపించే బీమా మీద మాత్రం పన్ను అలాగే ఉంది. దేశంలో సగానికి పైగా వాహనాలు బీమా లేకుండా తిరుగుతున్నాయని ప్రభుత్వమే పదేపదే ఆందోళన చెందుతుంది. ఆ ఆందోళన జీఎస్టీ మండలి గడప దాటి లోపలికి రాలేదు.

ఇంకో విచిత్రం చూడండి. అదే 146వ సెక్షన్ కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల సొంత వాహనాలకు, వాణిజ్యానికి వాడనంత వరకు, ఈ నిబంధన నుంచి మినహాయింపు ఇస్తుంది. ప్రభుత్వం తన ఖజానా నుంచే పరిహారం చెల్లించగలదు గనుక బీమా అక్కర్లేదన్నది అందుకు చెప్పే తర్కం. కాగితం మీద అది సరైనదే. కానీ మంత్రిగారి కాన్వాయ్ ఢీకొన్నప్పుడు పరిహారం కోసం సర్కారుతో కోర్టులో తలపడాల్సిన కుటుంబానికి, బీమా కంపెనీతో తలపడే కుటుంబానికి మధ్య ఉన్న తేడా ఆ తర్కంలో కనిపించదు.

2019లో ఈ చట్టాన్ని సవరించినప్పుడు దేశంలో రేగిన రగడంతా జరిమానాల గురించే. గుజరాత్ జరిమానాలు తగ్గించింది, మరికొన్ని రాష్ట్రాలు అమలును వాయిదా వేశాయి. టీవీ చర్చలూ వాటి చుట్టూనే తిరిగాయి. అదే సవరణలో బీమా అధ్యాయం మొత్తం మారింది. దాన్ని గురించి మాట్లాడిన నాయకుణ్ణి వేళ్ల మీద లెక్కించవచ్చు. దాని గురించి రాసిన విలేకరులూ అంతే. వారిలో నేను లేను.

ఇక చట్టం నిర్బంధించని రెండో భాగానికి వద్దాం. మన కారుకే జరిగే నష్టానికి ఇచ్చే రక్షణ ఇది, 'ఓన్ డ్యామేజ్' అంటారు. 2007 జనవరి 1 నుంచి దీని ధరలను విపణికి వదిలేశారు. అసలు వ్యాపారం ఇక్కడే. తప్పనిసరి భాగానికీ ఐచ్ఛిక భాగానికీ తేడా తెలియని కొనుగోలుదారు ఒకే బిల్లు మీద రెండింటికీ సంతకం చేస్తాడు. కొత్త కారుకు థర్డ్ పార్టీ బీమా మూడేళ్లకు ఒకేసారి కట్టాలి. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు నుంచి వచ్చిన నియమమిది. ఓన్ డ్యామేజ్ మాత్రం సాధారణంగా ఏడాదికే ఇస్తారు. 'మూడేళ్ల ఇన్సూరెన్స్' అని నమ్మి రెండో ఏడాది రెన్యువల్ మరచిపోయినవారు, ప్రమాదం జరిగాక గాని ఆ సంగతి తెలుసుకోరు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

షోరూంలో చెప్పని సంగతులు ఇంకొన్ని ఉన్నాయి. వారు చూపిన పాలసీయే కొనాలన్న నిబంధన ఎక్కడా లేదు. అదే రక్షణను బయట మూడు కంపెనీల దగ్గర అడిగి చూసి కొనుక్కోవచ్చు. అన్నిటికంటే ఎక్కువ ఆదా సాధారణంగా అక్కడే దొరుకుతుంది. పోల్చేటప్పుడు ప్రీమియం ఒక్కటే చూస్తే మోసపోతాం. ఐడీవీ, అంటే కారు దొంగతనానికి గురైనా పూర్తిగా నాశనమైనా కంపెనీ చెల్లించే గరిష్ఠ మొత్తం, రెండు చోట్లా ఒకటేనా కాదా చూడాలి. ఐడీవీని దించి ప్రీమియం తగ్గించి చూపడం పాత కిటుకు. ఆదా అయ్యేది వందల్లో, పోయేది వేలల్లో.

నో క్లెయిమ్ బోనస్ గురించీ ఇదే కథ. క్లెయిమ్ చేయని ఏళ్లు పెరిగేకొద్దీ ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20, 25, 35, 45, చివరికి 50 శాతం తగ్గుతుంది. ఆ బోనస్ కారుది కాదు, యజమానిది. పాత కారు అమ్మేసినా కొత్త కారుకు తెచ్చుకోవచ్చు. గడువు తీరాక 90 రోజుల్లోగా రెన్యువల్ చేయకపోతే అది పోతుంది. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. ఓన్ డ్యామేజ్ ప్రీమియం 10,000 రూపాయలు, బోనస్ 50 శాతం ఉన్న మనిషి కారు బంపరు విరిగింది. కొత్త బంపరు 12,000. ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం తరుగు, తప్పనిసరి కోత 1,000 పోతే చేతికి వచ్చేది 5,000. మరుసటి ఏడాది బోనస్ సున్నా. మళ్లీ 50కి చేరేలోగా ఏటా కోల్పోయేది వరుసగా 5,000, 3,000, 2,500, 1,500, 500. మొత్తం 12,500. ప్రీమియం మారదనుకుంటేనే ఇది. అయిదు వేల కోసం పన్నెండున్నర వేలు పోగొట్టుకునే ఈ లెక్కను క్లెయిమ్ ఫారం నింపించేటప్పుడు వివరించేవారు అరుదు.

ఆదా పేరుతో చేసే పొరపాట్లూ ఉన్నాయి. 'వాలంటరీ డిడక్టబుల్' ఎంచుకుంటే ప్రీమియం తగ్గుతుంది, కాని ప్రతి క్లెయిములో అంత మొత్తం మనమే భరించాలి. బావమరిది అనుభవం తర్వాత నా సొంత పాలసీ మొదటిసారి తీసి చదివాను. 15,000 రూపాయల వాలంటరీ డిడక్టబుల్‌కు నేను అంగీకరించినట్టు ఉంది. ఎప్పుడు అంగీకరించానో నాకు గుర్తు లేదు. ఫోన్లో ఏదో తెర మీద ఏదో గడి నొక్కి ఉంటాను. పోస్టుగ్రాడ్యుయేట్ పట్టా ఉన్న విలేకరి గతే ఇలా ఉంటే, తొలి కారు కొన్న ఆటో డ్రైవరు కొడుకు సంగతి ఏమిటి?

కంపెనీల వాదన నాకు తెలుసు. షరతులన్నీ పత్రంలో ఉన్నాయి, చదువుకోవాల్సిన బాధ్యత కొనేవారిది, దొంగ క్లెయిములతో మేమూ నష్టపోతున్నాం అంటారు. దొంగ క్లెయిములు ఉన్న మాట నిజమే. షరతులు పత్రంలో ఉన్నాయన్నదీ నిజమే. ఆ పత్రం మాత్రం చాలామందికి డబ్బు కట్టిన తర్వాత, ఇంగ్లీషులో, మెయిల్‌లో పదుల పేజీల జతగా చేరుతుంది. కొనకముందు చదవలేని షరతుకు కొన్నాక సమ్మతి తెలిపినట్టు లెక్కించడాన్ని ఒప్పందం అనలేం. విపణిలో స్వేచ్ఛగా కొనే వస్తువు గురించైతే 'కొనేవాడే జాగ్రత్తపడాలి' అనవచ్చు. చట్టమే చేయి పట్టుకుని అంగడిలోకి లాక్కెళ్లినప్పుడు, లోపల ఏం అమ్ముతున్నారో చెప్పే పూచీ కూడా చట్టానిదే.

నియంత్రణ సంస్థ ఏమీ చేయలేదని అనను. పత్రాలు లేవన్న ఒక్క సాకుతో క్లెయిమ్ తిరస్కరించరాదని 2024 జూన్‌లో ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. కంపెనీ తిరస్కరిస్తే ముందు దాని ఫిర్యాదుల అధికారికి రాయాలి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. 50 లక్షల దాకా పరిహారం ఇప్పించే అధికారం ఆయనకు ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. ఈ నాలుగు వాక్యాలు ప్రతి షోరూం గోడ మీద తెలుగులో ఉండవలసినవి. ఏ గోడ మీదా నాకు కనిపించలేదు.

అదే సమయంలో ఢిల్లీలో ఎక్కువగా వినిపించినది పెట్టుబడి మాట. బీమా రంగంలో విదేశీ వాటా పరిమితి 26 నుంచి 49కి, 2021లో 74కి పెరిగింది. 100 శాతానికి పెంచుతామని 2025 బడ్జెట్ ప్రసంగంలో నిర్మలా సీతారామన్ ప్రకటించారు. పోటీ పెరిగితే కొనుగోలుదారుకు మేలు అన్నది ప్రతిసారీ వినిపించిన హామీ. ఎదుటివాడు ఏం అమ్ముతున్నాడో అర్థం కాని చోట పోటీ దేని మీద జరుగుతుంది? రక్షణ మీద జరగదు. షోరూంకు ఎవరు ఎక్కువ కమిషన్ ఇస్తారన్న దాని మీద జరుగుతుంది.

అందుకే నా డిమాండ్లు నాలుగు. చట్టం నిర్బంధించే థర్డ్ పార్టీ బీమా మీద జీఎస్టీ సున్నా కావాలి. డబ్బు కట్టకముందే కొనుగోలుదారు భాషలో ఒక్క పేజీ చేతికివ్వాలి, అందులో ఏవి రావో ముందు రాయాలి. వరద నీళ్లలో ఇంజను పోతే వస్తుందా రాదా అన్నది ఆ పేజీలో మొదటి వరుసలో ఉండాలి. బిల్లులో తప్పనిసరి భాగం, ఐచ్ఛిక భాగం, అమ్మినవారికి ముట్టిన కమిషన్ విడివిడిగా అచ్చు వేయాలి. ప్రభుత్వ వాహనాలు ఢీకొన్నవారికి ఏటా ఎంత పరిహారం ఇచ్చారో, ఎన్ని కేసుల్లో కోర్టులో పోరాడారో ఆ ప్రభుత్వాలు శాసనసభల ముందు పెట్టాలి. వీటిలో ఖజానాకు ఖర్చయ్యేది మొదటిదొక్కటే.

మీ నియోజకవర్గ ఎంపీ వచ్చే సమావేశాల్లో ఒక్క ప్రశ్న అడగగలరు. అడిగించండి. ఈలోగా మీ పాలసీ తీసి రెండు చోట్ల చూడండి: ఓన్ డ్యామేజ్ గడువు ఎప్పటిదాకా ఉందో, అదనపు రక్షణల జాబితాలో ఇంజను పేరు ఉందో లేదో. మా బావమరిది మొన్న రెన్యువల్‌కు ఇంజన్ ప్రొటెక్ట్ తీసుకున్నాడు. తాళంచెవిది తీసేయించాడు. తాకట్టు పెట్టిన బంగారం ఇంకా విడిపించలేదు.